రెండు చేతుల ఫోను

సముద్రానికి గట్టు కట్టి, ఇంతవరకే రమ్మని దానితో చెప్పగల దేవునికి స్తోత్రం. ఒకనాడు దాన్ని మా గుమ్మాల దాకా రానిచ్చినా మమ్మల్ని పూర్తిగా తుడిచివెయ్యని ఆయన కృపకు స్తోత్రం. అయిదు వేళ్ళనూ అయిదు పొడవుల్లో చేసి, అవి ముడిస్తే ఇంకో మనిషి చెయ్యి అందులో సరిగ్గా పట్టేటట్టు కొలత పెట్టిన ఆయన జ్ఞానానికి స్తోత్రం. నేను చెప్పబోయేది ఒక ఫోను సంగతి. ఫోను సంగతికి ఇంత స్తోత్రం ఎందుకంటే, చివరిదాకా చదవమని అడగడం తప్ప నా దగ్గర వేరే జవాబు లేదు.

నా చెయ్యి చిన్నది. గాజుల దుకాణంలో నాకు చిన్నపిల్లల వరసలోంచి తీసి ఇస్తారు. బడిలో నల్లబల్ల తుడిచే డస్టరు కూడా నా గుప్పిట్లోంచి రెండు పక్కలా బయటికి వచ్చేది. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా కథంతా ఈ చేతిదే.

సునామీ నాటికి నేను పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఓడలో వెళ్ళే హట్‌బేలో టీచర్ని. మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ ద్వీపాలకు వచ్చిన మనిషి. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడే చదివాను, ఇక్కడే ఉద్యోగం వచ్చింది. హట్‌బేలో మా తెలుగువాళ్ళకు ఒక చిన్న క్రైస్తవ సంఘం, దానికొక మందిరం ఉండేవి. రేకుల కప్పు, సిమెంటు నేల, వెనక కిటికీలోంచి చూస్తే సముద్రం. ఆ ఏడు క్రిస్మస్‌కు మెయిన్‌లాండ్ నుంచి కొత్త పాటల పుస్తకాలు ఓడలో తెప్పించాం. వాటిని ఒక రేకు పెట్టెలో పెట్టి, తాళంచెవి నాకిచ్చారు. ఆ సెలవులకు మా ఆయన, మా అమ్మాయి పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నారు. పాటలు నడిపించే పని నాది కాబట్టి నేను ఆగిపోయాను.

క్రిస్మస్ మర్నాడు ఆదివారం. తెల్లవారిన కాసేపటికి భూమి ఊగింది. ఊగడం అలవాటైన వాళ్ళమే, కానీ అది ఆగలేదు. ఆగాక నేను చేసిన మొదటి పని మందిరానికి పరిగెత్తడం. గోడ పగిలింది, కప్పు కూలుతుందేమో, పుస్తకాలు పాడవుతాయేమో అని నా భయం. అక్కడ అత్త చాపలు పరుస్తోంది.

అత్త అంటే నాకు రక్తసంబంధం కాదు. సంఘమంతా ఆవిడను అత్త అనే పిలిచేవాళ్ళు. మందిరం ఊడవడం, చాపలు వెయ్యడం, గంట కొట్టడం ఆవిడ పని. అప్పటికే భర్త పోయాడు, పిల్లలు లేరు. గోడ పగిలినా ఆరాధన ఆగుతుందా అని చాపలు వేస్తోందట. నేను పెట్టె రెండు చేతులా ఎత్తుకున్నాను. బయటికి వచ్చి పది అడుగులు వేశామో లేదో, "పానీ ఆ రహా హై" అని ఎవరో అరిచారు. వెనక్కి చూస్తే సముద్రం నిలబడి ఉంది.

పరిగెత్తాం. అత్త మోకాళ్ళు అప్పటికే బాగుండేవి కావు. వెనకబడింది. పిలిచి చెయ్యి చాపింది. "గుంటా, నా సెయ్యట్టుకోవే" అన్న మాట నాకు స్పష్టంగా వినిపించింది. నా రెండు చేతుల్లోనూ పెట్టె ఉంది. దాన్ని కింద పడెయ్యాలన్న ఆలోచన వచ్చింది. వచ్చి, ఒక్క క్షణం ఆగింది. ప్రభువు ముందు అబద్ధం చెప్పలేను. ఆ క్షణంలో నేను పెట్టెను ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాను. తర్వాత నీళ్ళు వచ్చాయి, పెట్టె పోయింది, ఆవిడ చాపిన చెయ్యీ పోయింది. నేను ఒక కొబ్బరి దిమ్మకు కొట్టుకుని, లేచి, మిగతావాళ్ళతో పాటు కొండ ఎక్కాను.

రెండు రోజులు కొండ మీద అందరూ ఒకరి పేర్లు ఒకరు పిలుచుకుంటుంటే నేను ఎవరినీ పిలవలేదు. మూడో రోజు పొద్దున్న పామాయిల్ తోట వైపున్న గుడారాల్లో తెలుగు మాట్లాడే ముసలామె ఒకామె ఉందని కబురొచ్చింది. వెళ్ళాను. ఎడమ మణికట్టుకు వెదురు బద్దలు కట్టుకుని, ఎవరో ఇచ్చిన లుంగీ చుట్టుకుని, గంజి తాగుతోంది. వక్కతోట కంచె మీదికి నీళ్ళు విసిరేశాయట. నన్ను చూసి గ్లాసు కింద పెట్టింది.

"పాటల పుస్తకాలు బతికేయా?" అంది.

అది ఎత్తిపొడుపో, నిజంగా అడిగిందో ఈనాటికీ తెలీదు. నేను ఆవిడ ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. ఆవిడ కుడిచేత్తో నా జుట్టులో ఇసక దులిపింది. చెయ్యి సంగతి ఇద్దరం ఎత్తలేదు. ఎముక అతుక్కుంది కానీ మణికట్టు వంకరగానే మిగిలింది.

తర్వాత కొన్ని నెలలు గుడారాల్లో, ఆ తర్వాత రేకుల షెడ్లలో ఉన్నాం. మందిరం లేదు, పుస్తకాలు లేవు. మా పాస్టరు అయ్యగారు ఒక తిరగేసిన డబ్బా మీద నిలబడి వాక్యం చెప్పేవారు. ఒక ఆదివారం ఆయన నీళ్ళ మీద నడవబోయి మునిగిపోతున్న శిష్యుడి గురించి చెప్పారు. ప్రభువు వెంటనే చెయ్యి చాపి పట్టుకున్నాడని రాసి ఉంది, ఆ చేతిలో అప్పటికి ఏదైనా ఉందని ఎక్కడైనా రాసి ఉందా అని అడిగారు. నేను తల దించుకున్నాను. పెట్టె సంగతి ఆయనకు నేను చెప్పలేదు, అత్త కూడా చెప్పలేదని తర్వాత తెలిసింది. ఆ మాట ఆయన నోట పెట్టింది ఎవరో, పైకి చూసి మీరే ఊహించుకోండి.

ఆ రోజు నుంచి మా సంఘంలో ఒక కట్టడ వచ్చింది. ఏం మోస్తున్నా ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి. పిల్లను చంకనెత్తుకుంటే సంచి భుజానికి. గ్రంథం ఎడమ చేతిలో ఉంటే కుడి చెయ్యి ఏమీ పట్టుకోకూడదు. ఆరాధన అయ్యాక పెట్టే ప్రేమవిందుల్లో ఎవరైనా రెండు చేతులా రెండు సాంబారు బకెట్లు తెస్తుంటే పెద్దలు కేక వేసేవారు, ఒకటి దించి రమ్మని. పక్కనున్న బెంగాలీవాళ్ళు, రాంచీవాళ్ళు మమ్మల్ని 'ఏక్ హాథ్‌వాలే' అనేవారు. ఒంటిచేతివాళ్ళని నవ్వుకుంటే నవ్వుకోనీ అనుకున్నాం.

దాంతోపాటే జతలు వచ్చాయి. భూమి కదిలినప్పుడు ఎవరు ఎవరి చెయ్యి పట్టుకోవాలో ముందే అనుకోవాలని అయ్యగారు చెప్పి, జతలు మమ్మల్నే ఎంచుకోమన్నారు. కుటుంబాలు కుటుంబాలుగా నిలబడ్డారు. నేను, అప్పటికి హట్‌బే తిరిగొచ్చిన మా ఆయన పక్కకు జరుగుతుంటే అత్త లేచి వచ్చి నా ముందు నిలబడింది.

"నాకీ గుంటే కావాల. ఒగ్గీసిన సెయ్యే కావాల" అంది అయ్యగారితో.

ఆవిడను వదిలేసిన చెయ్యి నాదేనని అందరికీ అప్పుడు తెలిసింది. నాకు నేల చీలితే బాగుండనిపించింది. అత్త మాత్రం కూరగాయలు ఎంచుకున్నంత మామూలుగా నా చెయ్యి తీసుకుని తన వంకర మణికట్టు మీద పెట్టుకుంది. ఈసారి భూమి కదిలితే ఏది పోయినా ఈ చెయ్యి వదలనని ఆవిడకు మాటిచ్చాను. దేవునికి కూడా.

మాటివ్వడం తేలిక. అది నిలబెట్టుకుంటానా అన్నది ఇరవై ఏళ్ళు నన్ను నమిలింది. ఒక్కసారి పట్టు బిగించిన చెయ్యి రెండోసారి వదులుతుందని ఎవరు చెప్పగలరు? సంఘంలో నేను పాట నడిపించేదాన్ని, ఆదివారపు బడి చెప్పేదాన్ని, ఉపవాస కూడికల్లో ప్రార్థన చేసేదాన్ని. నా చెయ్యి సంగతి మాత్రం నాకు తెలిసేది కాదు.

నాకు పోర్ట్‌బ్లెయిర్‌కు బదిలీ అయింది. అత్త కూడా ఓడెక్కి వచ్చేసింది. జత విడిపోతే ఎలా అంది. నేను మిడిల్ పాయింట్‌లో రెండో అంతస్తు ఇంట్లో, ఆవిడ షాదీపూర్‌లో ఒక కుటుంబం పెరటిగదిలో. చెయ్యి అందని దూరం కాబట్టి ఫోను మీద ఒక పద్ధతి పెట్టుకున్నాం. భూమి ఊగితే, బయటికి వస్తూనే నేను ఆవిడకు ఫోన్ చెయ్యాలి. ఆవిడ, "సెయ్యి కాళీయేనా?" అని అడగాలి. నేను, "ఖాళీయే" అనాలి. అంతే, పెట్టెయ్యాలి. అంటే నేను బతికి ఉన్నాను, ఏదీ మోసుకుని పరిగెత్తడం లేదు, అవసరమైతే నీ దగ్గరికి వస్తాను అని.

ఆ రోజుల్లో నా ఫోను సబ్బుబిళ్ళంత ఉండేది. గుప్పిట్లో దాచేస్తే ఉన్నట్టే తెలిసేది కాదు. అత్త నంబరు రెండో అంకె మీద పెట్టుకున్నాను. చూడకుండా, బొటనవేలితో ఒకసారి గట్టిగా నొక్కితే చాలు. ఒక చేత్తో తలుపు తాళం వేస్తూ ఇంకో చేత్తో ఫోన్ చేసేదాన్ని. ఎన్నిసార్లు చేశానో. భూమి ఇక్కడ ఏడాదిలో చాలాసార్లు కదులుతుంది. మెట్లు దిగేలోపే మా మాట అయిపోయేది.

తర్వాత టచ్ ఫోన్లు వచ్చాయి. మొదటిది చిన్నదే, సర్దుకున్నాను. అది పాడైతే వచ్చింది కాస్త పెద్దది. దాని తర్వాతది ఇంకాస్త పెద్దది. దుకాణానికి వెళ్ళినప్పుడల్లా నా చెయ్యి అంతే ఉండేది, ఫోను మాత్రం పెరిగి ఉండేది. మా ఆయన ప్రభువు సన్నిధికి వెళ్ళిన ఏడాది నా కళ్ళు మందగించాయి. మా అమ్మాయి ఇక్కడే ఒక ఆఫీసులో పనిచేస్తుంది. తను నా పుట్టినరోజుకు ఒక ఫోను తెచ్చి చేతిలో పెట్టింది. చేతిలో అనడం తప్పు, చేతుల్లో పెట్టింది. మా బడిలో ఒకటో తరగతి పిల్లల పలక గుర్తొచ్చింది.

దాని మంచి కూడా చెప్పాలి, లేకపోతే సాక్ష్యం అబద్ధమవుతుంది. అమ్మాయికి తెలుగు మాట్లాడటం వచ్చు కానీ చదవడం కూడబలుక్కోవాలి. అయినా కష్టపడి వెతికి పరిశుద్ధ గ్రంథమంతా తెలుగులో అందులో ఎక్కించింది. అక్షరాన్ని ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు. కళ్ళు మందగించిన మూడేళ్ళకు, ఆ సాయంత్రం నేను కళ్ళద్దాలు లేకుండా ఒక కీర్తన మొదటి నుంచి చివరిదాకా చదివాను. 'ళ'కీ 'శ'కీ తేడా మళ్ళీ కనిపించింది. అమ్మాయిని దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టాను.

కానీ అది ఒక చేతిలో ఇమిడేది కాదు. నా బొటనవేలు స్క్రీను సగం దాకా వెళ్ళి ఆగిపోయేది. పై మూలనున్న గుర్తు నొక్కాలంటే రెండో చెయ్యి రావలసిందే. కిందనుంచి చిటికెన వేలు ఆసరా పెట్టీ పెట్టీ ఆ వేలి మీద చిన్న గుంట పడింది. పడుకుని చదువుతుంటే జారి రెండుసార్లు ముక్కు మీద పడింది. హ్యాండ్‌బ్యాగ్ జిప్పు పట్టేది కాదు. బస్సులో కడ్డీ పట్టుకోవాలా, ఫోను పట్టుకోవాలా తేలేది కాదు. మందిరంలో స్తుతిగీతం పాడుతూ అందరూ చేతులెత్తితే నేను రెండు చేతులా ఫోను పట్టుకుని నిలబడేదాన్ని, పళ్ళెం పట్టుకుని కానుకలెత్తేదానిలా. ఒకసారి మౌన ప్రార్థనలో అరచేతి అంచు ఎక్కడో తగిలి, చేపల పులుసు ఎలా పెట్టాలో ఫోనులో ఒకామె గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది. ఆపడానికి ఏ మూల నొక్కాలో నాకు అందలేదు. పులుసులో చింతపండు పడేదాకా సంఘమంతా విన్నది.

అత్త దాన్ని మొదటిసారి చూసినప్పుడు అటు తిప్పి ఇటు తిప్పి, "ఇదేటే, రొట్టెల పీటా?" అంది. ఆవిడది అప్పటికీ పాత బొత్తాల ఫోనే. తనే గుడ్డసంచీ కుట్టుకుని, నాడా కట్టి మెడలో వేసుకునేది. ఫోను జాకెట్టు లోపల ఉండేది.

అసలు బాధ ఇవేవీ కావు. ఈ ఫోను మా కట్టడను తప్పించింది. కదలికలు వచ్చినప్పుడు మెట్లు దిగుతూ ఫోన్ చెయ్యడం ఇక కుదరలేదు. ఒకసారి చిన్నగా ఊగితే, నేను రెండు చేతులా ఫోను పట్టుకుని మెట్ల మీద కూర్చుని, తాళం తీసి, గుర్తు వెతికి, అత్త పేరు వెతికేసరికి ఆవిడే చేసింది. ఖాళీయేనా అని అడిగితే ఖాళీయే అన్నాను. అది అబద్ధం. ఆవిడకు తెలిసిపోయింది.

"నీ ఫోనుకంటే ప్రభువు రాకడే ముందొస్తాది లాగుంది, టీచరమ్మా" అంది.

నవ్వేశాను కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండు చేతుల నిండా నేను మళ్ళీ ఏదో మోస్తున్నాను. అప్పుడు పాటలు, ఇప్పుడు లేఖనాలు. మంచి వస్తువులే. మంచి వస్తువు కాకపోతే నేను ఆనాడూ దాన్ని అంత గట్టిగా పట్టుకునేదాన్ని కాదు. ఫోను మార్చాలనుకున్నాను. కానీ అమ్మాయి నొచ్చుకుంటుందని, ఆ పెద్ద అక్షరాలు పోతాయని వాయిదా వేశాను. ఇది కూడా ఒప్పుకోలులో చేర్చుకోవాల్సిన మాటే.

ఆ రోజు బుధవారం, మధ్యాహ్నం. అత్త మా ఇంటికి భోజనానికి వచ్చింది. అప్పటికి ఆవిడకు డెబ్భై అయిదు పైనే. మా రెండంతస్తుల మెట్లు ఎక్కడానికి పావుగంట తీసుకుని, ఎక్కినందుకు నన్ను తిట్టి, చేపల వేపుడు తిని, గోడకు ఆనుకుని కూర్చుంది. సాయంత్రం కూడికకు నేను చదవాల్సిన భాగం ఫోనులో చదివి వినిపిస్తున్నాను. ముందు వంటింట్లో గిన్నెల మీద మూతలు మోగాయి. తర్వాత ఫ్యాను ఊగింది. తర్వాత మేం కూర్చున్న నేల.

లేచాం. గట్టి కదలికే. నేను తలుపు తీసి మెట్ల మీదికి వచ్చాను. ఇరవై ఏళ్ళ అలవాటు. భూమి కదిలితే బయటికి రావాలి, బయటికి వస్తూనే అత్తకు ఫోన్ చెయ్యాలి. కాళ్ళు మెట్లు దిగుతున్నాయి, రెండు చేతులూ ఫోను పట్టుకున్నాయి, కళ్ళు అత్త పేరు వెతుకుతున్నాయి. దొరికింది. నొక్కాను.

అత్త నా వెనక మూడో మెట్టు మీద ఉంది.

ఇది చదివి మీరు నవ్వితే నాకు కోపం లేదు. నేనే ఎన్నోసార్లు నవ్వుకున్నాను. ఆ క్షణంలో మాత్రం నా బుర్రలో ఉన్న అత్త షాదీపూర్‌లో ఒంటరిగా ఉంది, ఆవిడకు నా ఫోను అందాలి. నా వెనక నిజంగా ఉన్న అత్తకు ఒక మెట్టు తప్పింది.

"గుంటా, సెయ్యి" అని వినబడింది.

తిరిగాను. వంకర మణికట్టు నా ముఖం ముందుకు చాపి ఉంది. ఆవిడ ముందుకు తూలుతోంది. నా రెండు చేతుల్లోనూ ఫోను ఉంది. అదే చెయ్యి, అదే మాట, నా చేతులు మళ్ళీ అలాగే నిండి ఉన్నాయి. పడెయ్యాలా అని ఆలోచించిన గుర్తు నాకు లేదు. ఆలోచన రానేలేదు. ఫోను మెట్ల సందులోంచి కింది అంతస్తు దాకా పోవడం నేను చూడలేదు, విన్నాను. అప్పటికే నా రెండు చేతులూ ఆవిడను పట్టుకున్నాయి. ఒకటి వంకర మణికట్టు మీద, ఇంకోటి నడుం చుట్టూ. ఇద్దరం గోడకు కొట్టుకుని, మెట్టు మీద కూలబడ్డాం. ఆవిడ బరువంతా నా ఒళ్ళో ఉంది. అంత హాయైన బరువు నేను ఎప్పుడూ మోయలేదు.

కదలిక ఆగిపోయింది. మెట్ల కింద పిల్లలు, హిందీలో ఒకరినొకరు పిలుచుకునే గొంతులు. అప్పుడు అత్త జాకెట్టులోంచి ఫోను మోగడం మొదలైంది.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆవిడ తాపీగా కుడిచేత్తో నాడా లాగి, సంచీలోంచి ఫోను తీసి, బొత్తాం నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. ఎడమ చెయ్యి నా చేతిలోనే ఉంది.

"అలో, టీచరమ్మా" అంది, నా కళ్ళలోకే చూస్తూ. "సెయ్యి కాళీయేనా?"

పడ్డప్పుడు స్పీకరు ఎలా తెరుచుకుందో గానీ, ఆవిడ గొంతు, కింద నేల మీద పడి ఉన్న నా ఫోనులోంచి కూడా సన్నగా వినిపించింది.

"ఖాళీ లేదత్తా" అన్నాను. "నిన్ను పట్టుకుంది."

ఆవిడ ఫోను పెట్టేసింది. తర్వాత నా చెయ్యి వెనక్కి ఇచ్చేస్తూ, చాల్లే, మణికట్టు నొప్పెడుతోంది, ఇరవై ఏళ్ళదంతా ఒక్కసారే పట్టుకోవాలా అని విసుక్కుంది. నేను ఏడుస్తూ నవ్వాను. ఆ మెట్ల మీదే ఇద్దరం మోకరించకుండా, కూర్చునే, ప్రార్థన చేశాం. ఆవిడ మోకాళ్ళు వంగవని ప్రభువుకు తెలుసు.

చెప్పలేనంత తేలికైపోయాను. నా చెయ్యి ఎటువంటిదో ఇరవై ఏళ్ళు నాకు తెలియకపోయింది. ఆయన చూపించాడు. ఆ చెయ్యి మంచిదైపోయిందని గొప్ప చెప్పుకోను. అది నాకంటే ముందు వదలడం నేర్చుకుంది, అంతే. ఆ నేర్పు నాది కాదు. ఒక చెయ్యి ఖాళీ అంటూ సంఘం నాతో ఇన్నేళ్ళు చేయించిన సాధన అది.

సాయంత్రం అమ్మాయి వచ్చింది. పగిలిన అద్దం చూపించి, జరిగింది చెప్పి, తిడుతుందని ఎదురుచూశాను. తను నా పక్కన కూర్చుని తన కుడి బొటనవేలు చూపించింది. మొదలు కణుపు దగ్గర వాచి ఉంది.

"మమ్మీ, నాకు కూడా దర్ద్ అవుతుంది" అంది. "అందరి దగ్గరా ఇలాంటిదే కదా, ఏం చెబుతాంలే అని చెప్పలేదు."

నా చెయ్యి చిన్నదని ఇన్నాళ్ళూ నేను సిగ్గుపడ్డాను. పిల్లది వాళ్ళ నాన్న పోలిక, పెద్ద చేతులు. దానికీ నొప్పే. మరి ఈ ఫోన్లు ఎవరి చేతికి కొలిచి చేస్తున్నారో. కళ్ళను కొలిచారు, మంచిదే, నాలాంటివాళ్ళకు మేలు చేశారు. చేతిని కొలవడం మర్చిపోయారు.

మర్నాడు ఇద్దరం మా మిడిల్ పాయింట్‌లోనే ఒక దుకాణానికి వెళ్ళి, ఒక చేతిలో పట్టే టచ్ ఫోను చూపించమన్నాం. దుకాణదారు ఒకటొకటిగా గాజుబల్ల మీద పరిచాడు. అన్నీ పలకలే. నేను చెయ్యి ఎత్తి చూపించాను. అతను నా చేతిని చూసి, ఫోన్లను చూసి, "ఆంటీజీ, ఛోటా అబ్ ఆతా హీ నహీ" అన్నాడు. చిన్నవి ఇక రావట. ఆలోచించి, వెనక సొరుగులోంచి బొత్తాల ఫోను ఒకటి తీశాడు. ముసలివాళ్ళ కోసం ఉంచానన్నాడు. అమ్మాయికి నవ్వొచ్చింది. నేను దాన్ని గుప్పిట్లో పెట్టుకుని వేళ్ళు ముడిచాను. ముడుచుకున్నాయి. రెండో అంకె మీద బొటనవేలు పెట్టి చూశాను. చూడకుండానే దొరికింది. ప్రభువా నీకు వందనాలు అని పైకే అనేశాను. అతను హిందువు, అయినా తనూ చేతులు జోడించాడు.

పెద్ద ఫోనుకు అద్దం మార్పించాం. దాన్ని పారెయ్యలేదు, దాని మీద నాకు కోపం లేదు. గోడపక్కన బల్ల మీద, చెక్క పుస్తకపీటకు ఆనించి పెట్టాను. పొద్దున్నే దాని ముందు కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెద్ద అక్షరాల్లో వాక్యం చదువుకుంటాను. అది ఇంట్లోంచి కదలదు. బయటికి వెళ్ళేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు, మందిరానికి వెళ్ళేటప్పుడు నా దగ్గర ఉండేది చిన్నదే. అత్త నాకూ ఒక గుడ్డసంచీ కుట్టి ఇచ్చింది. నాడా కాస్త పొట్టిగా కుట్టింది. సరిచెయ్యమంటే, నీ మెడకి అది చాల్లే అంది.

కిందటి నెల మళ్ళీ ఊగింది. నేను తలుపు తాళం వేస్తూ, ఇంకో చేత్తో నొక్కాను. రెండో మోతకే ఎత్తింది. ఖాళీయేనా అంది. ఖాళీయే అన్నాను. నిజమే చెప్పాను.

ఇది చదివిన మీరెవరైనా, ఏ ఊళ్ళో ఉన్నా, ఒక్క నిమిషం నాతో ప్రార్థనలో కలవండి. బహుశా దీన్ని మీరు ఫోనులోనే చదువుతున్నారేమో. దాన్ని బల్ల మీద పెట్టండి, పెట్టడానికి చోటు లేకపోతే ఒక చేతిలోకి మార్చుకోండి, మారితే. రెండో చెయ్యి తెరవండి. సునామీలో పోయినవాళ్ళ కుటుంబాల కోసం, వాళ్ళను పట్టుకోలేకపోయామని ఇంకా నలుగుతున్నవాళ్ళ కోసం, మా అత్త మోకాళ్ళ కోసం, మా అమ్మాయి బొటనవేలి కోసం కూడా అడగండి. ప్రభువా, మా చేతులు నిండి ఉన్నప్పుడు మా పక్కన చాపిన చెయ్యి మాకు కనిపించనివ్వు. కనిపించినప్పుడు వదలాల్సింది వదిలే నేర్పు మాకివ్వు అని అనండి. ఇక్కడ నేనూ, షాదీపూర్‌లో అత్తా మీతోపాటు ఆమేన్ అంటాం.